పిల్లలకు దీన్ (ఇస్లాం ధర్మం), చదువు కలిపి నేర్పాలంటే

బడి, ట్యూషన్, ఆపైన అరబ్బీ క్లాసు అంటూ పిల్లల్ని పరుగులు పెట్టిస్తే ముందు మానేసేది అరబ్బీయే. మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) తర్వాత పావుగంట చాలు, కానీ రోజూ ఉండాలి. ఏడేళ్లకు నమాజు చెప్పమని హదీసు (ప్రవక్త మాట), అంతకుముందు మన పక్కన నిలబడి మనల్ని చూసి వంగినా చాలు, దిద్దకండి.

ఖురాన్ అధ్యాయాల్లో ఫాతిహాకు 7 ఆయతులు (వాక్యాలు), ఇఖ్లాస్‌కు 4. రోజుకొక ఆయతు చెప్పి, అర్థం తెలుగులో వివరించండి. వుజూకు (నమాజుకు ముందు చేతులు, ముఖం, కాళ్లు కడుక్కోవడానికి) కుళాయి సన్నగా తిప్పి, మోచేతులు, మడమలు తడిశాయో లేదో వాళ్లనే చూసుకోమనండి (మడమలు ఎప్పుడూ మర్చిపోతారు).

సైన్సును కూడా ఇందులోనే కలపండి. షాబాన్ (రంజాన్‌కు ముందు నెల) 29 సాయంత్రం మేడెక్కించండి. మన వైజాగ్‌లో సముద్రం తూర్పున ఉంది కాబట్టి బీచ్ వైపు కాదు, పడమర వైపు, సూర్యుడు దిగిన చోటే నెలవంకను వెతకాలి. అప్పుడే చంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులని, అందుకే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుందని చెబితే ఆ లెక్క ఇట్టే ఎక్కుతుంది.

పోర్టు దగ్గరి దర్గా కొండకు తీసుకెళితే పక్క కొండల మీద గుడి, చర్చి కనిపిస్తాయి, ప్రశ్నలు వస్తాయి, విసుక్కోకుండా జవాబు చెప్పండి. మార్కులు తగ్గితే మాత్రం అల్లా శిక్షిస్తాడని బెదిరించకండి, దేవుడంటే భయం, చదువంటే టెన్షన్, రెండూ ఒకేసారి పట్టుకుంటాయి.