పాత అంబాసిడర్‌కు నైలాన్ టైర్లా, రేడియలా? కొనేముందు జాగ్రత్తలు

నైలాన్ టైరులో లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి; రేడియల్‌లో దారాలు అంచు నుంచి అంచుకు నేరుగా ఉండి, పైన ఉక్కు పట్టీ ఉంటుంది. ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ ఘాట్లలో తిరిగే బండికైతే మా ఓటు రేడియల్‌కే. కానీ ముందు ఇవి చూడండి.

- రెండు రకాలూ కలపొద్దు. ముందు రేడియల్, వెనక నైలాన్ వేస్తే తడి మలుపులో వెనక చక్రాలు పట్టు తప్పి బండి గిర్రున తిరిగిపోతుంది. స్టెప్నీ కూడా అదే రకం ఉండాలి.
- రేడియల్ వేస్తే పాత రిమ్ము మీద ఒత్తిడి పెరుగుతుంది. టైరు విప్పించి బోల్టు రంధ్రాల చుట్టూ పగుళ్లు, తుప్పు వెతకండి. అనుమానముంటే రిమ్ము మార్చాల్సిందే. ట్యూబు కూడా రేడియల్‌కు తగినదే అడగండి.
- నైలాన్ సైజు 5.90-15 (టైరు వెడల్పు, రిమ్ము వ్యాసం అంగుళాల్లో). రేడియల్ ఎత్తు తేడా వస్తే స్పీడోమీటరు తప్పు చూపుతుంది.
- తయారీ తేదీ: టైరు పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి; 2324 అంటే 2024లో 23వ వారం.
- స్టీరింగ్ చివరిదాకా తిప్పి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకున్నాకే డబ్బు కట్టండి.