స్కీ రేసు వారాంతానికి వెళ్తున్నారా? ముందు సంచీలో ఇంకో బనియన్ పెట్టుకోండి

పోయిన ఆదివారం రేసులో దిగిన మా ముగ్గురికీ ఏమీ కాలేదు. చూడటానికి వచ్చిన మా బావమరిది అంబులెన్సు ఎక్కాడు.

చలి మైనస్ 9. మంచి ఎండ. కొండ ఎక్కాక వచ్చే మలుపు దగ్గర నిలబడి మమ్మల్ని చూడాలని, పార్కింగ్ నుంచి 5 కి.మీ. తనూ స్కీలు వేసుకుని వచ్చాడు. ఆలస్యమైపోతుందని గబగబా ఎక్కాడు. చేరేసరికి లోపలి బనియన్ తడిసి ముద్దయింది. వీపు సంచీలో పొడి బనియన్ ఉంది, మందపాటి జాకెట్ కూడా ఉంది. "ఒక్క నిమిషమేగా, మొదటివాళ్లు వెళ్లాక మార్చుకుందాం" అనుకున్నాడట. మొదటివాళ్లు వెళ్లారు. తర్వాత గుంపు వచ్చింది, ఆ తర్వాత మేం. అలా గంటంబావు. రెండో రౌండులో నేను అటు వచ్చేసరికి, గొంతు చించుకుని అరవాల్సినవాడు ఊరికే చూస్తూ నిలబడ్డాడు. "ఏంట్రా, బాగున్నావా?" అంటే "బాగానే ఉన్నా బావా" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. ఫ్లాస్కులో ఏదో కలుపుకున్నాడులే అనుకుని నా దారిన నేను వెళ్లిపోయాను. పక్కనున్న ఒక పెద్దావిడ, తన జాకెట్ జిప్పు తనే లాక్కోలేకపోతున్నాడని గమనించి వాలంటీర్లను పిలిచింది. అందుకే సాయంత్రానికి ఇంటికొచ్చాడు.

సీజను నడుస్తోంది, ఈ వారం కూడా చాలామంది వెళ్తున్నారు కాబట్టి రాస్తున్నాను. టోపీ పెట్టుకోండి, గ్లవ్స్ మర్చిపోకండి లాంటివి చెప్పను. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే: చెమట తడితో ఆగకండి. రేసులోనైనా, టూరింగులోనైనా (అంటే పోటీ లేకుండా కొండల్లో స్కీల మీద తిరగడం), చూడటానికి వెళ్లినా అంతే. ఈ పదేళ్లలో నా కళ్ల ముందు వణికిపోతూ వైద్యం టెంట్లలోకి మోయించుకున్నవాళ్లలో ఎవరికీ ఆ గతి పట్టింది బట్టలు లేక కాదు. అన్నీ సంచీలోనే ఉన్నాయి.

ఎందుకంటే, క్రాస్ కంట్రీ స్కీయింగులో, అంటే ఎక్కుడైనా దిగుడైనా సొంత బలంతోనే స్కీల మీద సాగే ఈ ఆటలో, కాళ్లు, చేతులు, వీపు అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో ముందుకు కదలడానికి పనికొచ్చేది దాదాపు ఐదో వంతు. మిగతాదంతా వేడే. మైనస్ 15లో కూడా పల్చటి సూటు వేసుకుని హాయిగా పోగలిగేది అందుకే. ఆగిన కొద్ది నిమిషాలకే లోపలి పొయ్యి మంట తగ్గిపోతుంది, తడి మాత్రం ఎక్కడికీ పోదు. గాలితో పోలిస్తే నీళ్లు ఒంటి వేడిని పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయి. దానికి గాలి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. మైనస్ 10లో గంటకు 30 కి.మీ. గాలి వీస్తే చర్మానికి మైనస్ 20 లెక్క. గాలి అసలు లేని రోజున కూడా, మైనస్ 15లో 40 వేగంతో దిగుడు దిగారంటే మీ ముఖానికి తగిలేది మైనస్ 27.

2021 మే నెలలో చైనాలోని గాన్సు ప్రాంతంలో 100 కి.మీ. కొండ పరుగు పందెంలో 21 మంది చనిపోయారు. అది స్కీ రేసు కాదు, చలికాలం కూడా కాదు. వాన, వడగళ్లు, పెనుగాలి, ఒంటి మీద పల్చటి బట్టలు. తడి మీద గాలి కొడితే మే నెలైనా ఒకటే. ఆ మరుసటి ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో 50 కి.మీ. రేసును చలి, గాలి వల్ల 30 కి.మీ. లోపుకి కుదించారు. అయినా ఫిన్లాండ్ స్కీయర్ రెమి లిండ్‌హోమ్‌కి మర్మాంగం చలికి కొయ్యబారింది. చదివి నవ్వినవాళ్లే ఎక్కువ. మగవాళ్లు నవ్వడం అయ్యాక ముందు భాగంలో గాలి చొరని గుడ్డ ఉన్న లోదుస్తులు కొనుక్కోండి.

అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమం ప్రకారం కోర్సులో అతి చల్లని చోట మైనస్ 20 కన్నా దిగువకు పడిపోతే రేసు వాయిదా వేస్తారు, లేదంటే రద్దు చేస్తారు. అది కదులుతున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన నియమం. గట్టు మీద నిలబడ్డవాళ్ల కోసం ఎవరూ ఏమీ రాయలేదు.

రేసులో దిగేవాళ్లకి

బయల్దేరేటప్పుడు ఒంటికి వెచ్చగా ఉంటే ఎక్కువ వేసుకున్నట్టే. మొదటి పది నిమిషాలు కొంచెం చలిగా ఉండాలి. అయితే పెద్ద రేసుల్లో స్టార్టు దగ్గర చాలాసేపు నిలబడాల్సి వస్తుంది. స్వీడన్‌లో సాలెన్ నుంచి మోరా దాకా 90 కి.మీ. సాగే వాసలోపెట్ లాంటి వాటిలో వేలమంది ఒకే చోట గుమిగూడతారు. వదిలేసుకున్నా బాధలేని పాత స్వెట్టరు ఒకటి పైన వేసుకుని, చివరి నిమిషంలో తీసేయండి.

ఇక ముగింపు గీత. కొంపలు మునిగేది ఇక్కడే. మెడల్, ఆపైన ఫోటో, ఆపైన ఇంటికి ఫోను, ఆపైన సూపు క్యూ. ఇరవై నిమిషాలు తడి బనియన్‌లో గడిచిపోతాయి. గెలిచిన సంతోషంలోనో ముగించిన సంతోషంలోనో చలి తెలియదు, తెలిసేసరికి వేళ్లు బొత్తాం పెట్టలేవు. ముందు బనియన్, తర్వాత మెడల్. ఫోటోలో జుట్టు చెదిరి ఉంటే ఏం కాదు.

స్టార్టు ఒక ఊళ్లో, ముగింపు ఇంకో ఊళ్లో ఉండే రేసైతే మీ పొడి బట్టల సంచీ ముగింపు దగ్గర సరిగ్గా ఎక్కడ ఇస్తారో ముందురోజే కనుక్కోండి. నార్వేలో రేనా నుంచి లిల్లెహామర్ దాకా జరిగే బిర్కెబైనర్ రేసులో ప్రతివాళ్లూ 3.5 కిలోల సంచీ మోయాలి. 1206లో పసివాడైన రాకుమారుణ్ణి స్కీల మీద కొండలు దాటించినందుకు గుర్తుగా పెట్టిన బరువది. ఉత్సవం కోసం పెట్టిన నియమమే అయినా అంతకంటే తెలివైన నియమం నేను చూడలేదు. ఎలాగూ మోయాలి కాబట్టి జనం అందులో జాకెట్ పెట్టుకుంటారు.

దారిలో పోల్ (చేత్తో పొడుచుకుంటూ పోయే కర్ర) విరిగినా, పడ్డవాళ్లకి సాయం చేయడానికి ఆగినా, మెడకీ ముఖానికీ ఉన్న గుడ్డ పైకి లాగి, ఏదో ఒకటి పైన వేసుకున్నాకే మిగతా పని. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా పెట్టుకోవాలి. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టండి. మంచు పైనుంచి కడుతుంది, మూత తెరుచుకుంటుంది.

టూరింగు వెళ్లేవాళ్లకి

రేసులో చెమట తప్పదు. టూరింగులో చెమట పట్టిందంటే తప్పు మీదే. ఎక్కుడు మొదలవక ముందే ఒక పొర తీసేయండి. ఆయాసపడకుండా మాట్లాడగలిగే వేగంలో ఎక్కండి. గుంపులో అందరికన్నా వేగంగా ఎక్కేవాడే పైన నిలబడి మిగతావాళ్ల కోసం ఎదురుచూస్తాడు, వాడే ముందు గడ్డకడతాడు. చాలాసార్లు చూశాను. కొత్తలో నేనూ ఆ వీరుణ్ణే.

శిఖరం మీద ఆగొద్దు. చెట్ల మధ్య, గాలి తగలని చోట ఆగండి. సంచీ దించగానే చేయాల్సిన మొదటి పని జాకెట్ వేసుకోవడం. మ్యాపు, చాక్లెట్, కబుర్లు తర్వాత. "చలేస్తే వేసుకుంటాలే" అనకండి. చలేసిందంటే అప్పటికే ఆలస్యం.

గడ్డకట్టిన చెరువు దాటాలంటే స్వచ్ఛమైన గట్టి మంచు కనీసం 10 సెం.మీ. మందం ఉండాలి. పైన తాజా మంచు పరుచుకుంటే కిందిది కనపడదు, అది దుప్పటిలా కప్పి మందం పెరగనివ్వదు కూడా. వాగు వచ్చి కలిసే చోట, బయటికి పోయే చోట అసలు నమ్మొద్దు. దాటే ముందు పోల్స్ పట్టీల్లోంచి చేతులు తీసేయండి, సంచీ నడుం పట్టీ విప్పేయండి.

సన్న స్కీలు వేసుకున్నంత మాత్రాన మంచు చరియలు మిమ్మల్ని వదిలేయవు. అవి ఎక్కువగా తెగేది 30 నుంచి 45 డిగ్రీల వాలులో. మీరు నడిచేది చదును దారే కావచ్చు, దాని పైన ఉన్న వాలు సంగతి చూడండి. చరియల ప్రమాద హెచ్చరికకి ఉన్న ఐదు స్థాయిల్లో మూడోది ప్రకటించారంటే "ఓ మోస్తరు" అని అర్థం కాదు. కూరుకుపోయినవాళ్లు బతికే అవకాశం పది పదిహేను నిమిషాలు దాటితే ఒక్కసారిగా పడిపోతుంది. బయటినుంచి సాయం వచ్చేలోపే ఆ టైము అయిపోతుంది. కాబట్టి బీకన్ (కూరుకుపోయినవాళ్ల జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార మీ గుంపులో ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. వాడటం వచ్చి కూడా ఉండాలి.

చూడటానికి వెళ్లేవాళ్లకి

అన్నిటికన్నా ప్రమాదం మీకే. మీరే అందరికన్నా తక్కువ భయపడతారు.

నడిచో స్కీల మీదో చోటుకి చేరగానే తడి బనియన్ విప్పి పొడిది వేసుకోండి. అవును, అక్కడే, అందరి ముందూ. ముప్పై సెకన్ల సిగ్గు. రెండు జతల సాక్సులు బూట్లలో కుక్కితే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి, ఒక మంచి ఉన్ని జత చాలు. కాళ్ల కింద ఫోమ్ చాప ముక్క వేసుకుని నిలబడండి. ఎవరైనా నవ్వితే రెండు గంటల తర్వాత అడిగి చూడండి.

పిల్లల్ని బండిలో పెట్టి లాక్కెళ్లేవాళ్లకి ప్రత్యేకంగా: మీకు చెమటలు పడుతున్నాయని పిల్లకి కూడా వెచ్చగా ఉందనుకోవద్దు. మీరు కదులుతున్నారు, ఆ పిల్ల కదలటం లేదు. నిద్రపోయిందని మురిసిపోకుండా పావుగంటకోసారి ఆగి మెడ కింద చెయ్యి పెట్టి చూడండి. ఆగేముందు మీ జాకెట్ మీరు వేసుకోండి.

దిగుడు చివర, మలుపు బయటివైపు నిలబడకండి. పట్టు తప్పినవాళ్లు వచ్చేది అటే.

ఇక మిగతావన్నీ వరసగా చెప్పేస్తున్నా, విడదీసే ఓపిక లేదు.

– ట్రాక్ దాటాలంటే చూపించిన చోటే దాటండి. బూట్లతో ట్రాక్ మీద నడవకండి. కుక్కని తాడు లేకుండా వదలకండి.

– పడితే లేచే లోపే ట్రాక్ పక్కకి దొర్లండి. వెనక వచ్చేవాళ్ల పోల్ మొనలు సూదులే.

– రాత్రి మూసేసిన దారిలోకి వెళ్లొద్దు. నిటారు చోట్ల మంచు చదును చేసే యంత్రం ఉక్కు తాడుకి కట్టుకుని పనిచేస్తుంది. ఆ తాడు చీకట్లో కనపడదు.

– ఫోను లోపలి జేబులో. చలికి బ్యాటరీ చచ్చిపోతుంది.

– మద్యం వద్దు. వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి చర్మంలోంచి బయటికి పోతుంది.

– కాటన్ బనియన్ వద్దు. వద్దంటే వద్దు.

– ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఒకరికి చెప్పి వెళ్లండి. హెడ్‌ల్యాంప్ పగలే సంచీలో పెట్టుకోండి.

– చెంప మీద, ముక్కు మీద తెల్లమచ్చ కనిపిస్తే వెచ్చటి అరచెయ్యి ఆనించండి. రుద్దకండి. మంచుతో అసలు రుద్దకండి. ఎవరి ముఖం వాళ్లకి కనపడదు, ఒకళ్లనొకళ్లు చూసుకోండి.

– వేళ్లు కొయ్యబారి తెల్లగా, మైనంలా అయితే 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో పెట్టాలి. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే దారిలో కరిగించొద్దు, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మంట దగ్గర పెట్టకండి, స్పర్శ లేని వేలు కాలినా తెలియదు.

– మాట ముద్దగా వస్తున్నా, అడుగు తడబడుతున్నా, ఊరికే చిరాకుపడుతున్నా అది చలే. "బాగానే ఉన్నా" అన్న మాట లెక్కలోకి తీసుకోకండి. జిప్పు లాగమనండి. లాగలేకపోతే సాయం పిలవండి.

– వణుకు ఆగిపోతే నయమవుతున్నట్టు కాదు. వెంటనే అత్యవసర నంబరుకి ఫోను చేయండి. ఈలోగా తడి బట్టలు తీసి పొడివి వేయండి, కింద చాప పరచండి, పడుకోబెట్టండి. స్పృహలో ఉండి మింగగలిగితే తియ్యటి వేడి పానీయం. పరుగెత్తించకండి.

– చెమట తడితో ఆగకండి. మళ్లీ చెప్తున్నానని విసుక్కోకండి.

– కారు తాళం రేసులో ఉన్నవాళ్ల జేబులో ఉండకూడదు. ఆ రోజు వాలంటీర్లు మా వాణ్ణి స్నోమొబైల్ మీద పార్కింగ్‌కి దింపి, అంబులెన్సు వచ్చేలోపు కారులో కూర్చోబెడదామనుకున్నారు. స్లీపింగ్ బ్యాగు, రెండు దుప్పట్లు, వేడి టీ ఫ్లాస్కు అన్నీ అందులోనే ఉన్నాయి. పొద్దున వాడు తాళం అడిగితే "ఒక్క నిమిషం, ముందు బిబ్ (రేసు నంబరు గుడ్డ) పెట్టుకోనీ" అన్నాను. అది నాతో పాటు 12 కి.మీ. అవతల, నా వెనక జేబులో ఉంది.