జీక్యామ్‌లో కాన్ఫిగ్ ఫైల్ వేసి రంగులు సరిచేసుకోవడం ఎలా?

పిక్సెల్ ఫోన్ల కోసం గూగుల్ తయారుచేసిన కెమెరా యాప్‌ను మిగతా ఫోన్లలో నడిచేలా మారిస్తే వచ్చేవే జీక్యామ్ పోర్టులు. యాప్ ఎక్కించడంతో సగం పనే అవుతుంది. రంగులు, నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) మీ ఫోన్ సెన్సర్‌కు కుదరాలంటే కాన్ఫిగ్, అంటే సెట్టింగులన్నీ రాసి ఉన్న ఫైల్ కావాలి. ఇక్కడ చెప్పేది ఎల్‌ఎంసీ 8.4 అనే పోర్టు గురించి. వేరే పోర్టుల్లో ఫోల్డర్, మెనూ పేర్లు మారతాయి.

ముందు ప్లే స్టోర్‌లోని కెమెరా2 ఏపీఐ ప్రోబ్ యాప్‌తో ఫోన్‌ను చూడండి. హార్డ్‌వేర్ లెవెల్ ‘ఫుల్’ లేదా ‘లెవెల్ 3’ ఉండి, రా (సెన్సర్ ఇచ్చిన డేటాను ప్రాసెస్ చేయకుండా అందించే ఫార్మాట్) సపోర్ట్ కూడా ఉంటే ముందుకెళ్లొచ్చు. ‘లెగసీ’ అని చూపిస్తే ఇక్కడే ఆపేయండి.

యాప్ ఎక్కించి, అడిగిన పర్మిషన్లన్నీ ఇచ్చి, కాన్ఫిగ్ లేకుండానే ఒక ఫొటో తీయండి. ఫొటో తీయగానే యాప్ మూతపడుతుంటే ఆ వెర్షన్ మీ ఫోన్‌కు కుదరనట్టే. కాన్ఫిగ్ కోసం వెతికే ముందు మరో వెర్షన్ ప్రయత్నించండి.

కాన్ఫిగ్ ఎంచుకునేటప్పుడు ఫోన్ మోడల్ ఒక్కటే చూస్తే చాలదు. ఒకే మోడల్‌లో వేర్వేరు సెన్సర్లు పెట్టిన ఫోన్లు ఉన్నాయి. కాబట్టి సెన్సర్ పేరు, పోర్టు వెర్షన్ రెండూ కలవాలి. జిప్‌లో వస్తే విప్పండి. ఫైల్ పేరు చివర ఎక్స్‌ఎంఎల్ అనే ఉండాలి. దాని తర్వాత టీఎక్స్‌టీ అని అతుక్కుని ఉంటే తీసేయండి. ఇంటర్నల్ స్టోరేజీలో, డౌన్‌లోడ్స్ లోపల కాకుండా నేరుగా బయటే, ‘ఎల్‌ఎంసీ8.4’ అనే ఫోల్డర్ ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా చేసి ఫైల్ అందులో పెట్టండి. తర్వాత యాప్‌లో షట్టర్ బటన్ పక్కనున్న నల్లటి ఖాళీ మీద రెండుసార్లు తట్టి, ఫైల్ ఎంచుకుని ఇంపోర్ట్ నొక్కాలి. లిస్టు ఖాళీగా వస్తే ఫోల్డర్ పేరులో తేడా ఉండొచ్చు, లేదా ఫైళ్ల పర్మిషన్ ఇచ్చి ఉండరు.

ఇక సరిచేయడం. నీడల్లో గులాబీ ఛాయ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది బ్లాక్ లెవెల్‌నే. సెన్సర్ పూర్తి చీకటిలో కూడా సున్నా ఇవ్వదు. అప్పుడు ఇచ్చే అంకే బ్లాక్ లెవెల్; యాప్ దాన్ని తీసేయాలి. 10 బిట్ రాలో చాలా సెన్సర్లకు అది 64 దగ్గర ఉంటుంది. తీయాల్సినదానికన్నా తక్కువ తీసేస్తే మిగిలిన కొంచెం, తెలుపు తెల్లగా కనిపించేలా వైట్ బ్యాలెన్స్ ఎరుపు, నీలాలను పెంచినప్పుడు గులాబీగా తేలుతుంది. ఎక్కువ తీసేస్తే నీడలు ఆకుపచ్చకు తిరుగుతాయి. నాలుగు ఛానెళ్లనూ (ఎరుపు, రెండు ఆకుపచ్చలు, నీలం) ఒకేసారి కాకుండా ఒక్కొక్కటి, ఒక్కో అంకె చొప్పున మార్చి, అదే గోడను అదే వెలుతురులో తీసి పోల్చండి.

మొహాలు మైనం పూసినట్టు నున్నగా వస్తుంటే నాయిస్ మోడల్ (సెన్సర్‌లో నాయిస్ ఎంతుంటుందో యాప్‌కు చెప్పే అంకెలు) మీ సెన్సర్‌ది కాదు. దాన్ని మార్చకుండా షార్ప్‌నెస్ పెంచితే అంచుల చుట్టూ తెల్లటి గీతలు తప్ప ఏమీ రావు.

హెచ్‌డీఆర్ ప్లస్ ఫ్రేములు, అంటే ఒక ఫొటో కోసం యాప్ వరసగా తీసి కలిపే షాట్లు, పెంచాలన్న ఆశ అందరికీ ఉంటుంది. నాయిస్ సగానికి తగ్గాలంటే ఫ్రేములు నాలుగింతలు కావాలి. అంతసేపు పిల్లలు కదలకుండా ఉండరు! పగటికి 10–15 చాలు.

ప్రాసెసింగ్ పూర్తికాక ముందే ఫోన్ యాప్‌ను ఆపేస్తే ఫొటో పోతుంది. అందుకే బ్యాటరీ సెట్టింగ్‌లో ఈ యాప్‌కు ఆంక్షలు తీసేయండి. మార్పులు నచ్చాక కొత్త పేరుతో ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. యాప్ డేటా క్లియర్ చేస్తే సెట్టింగులన్నీ పోతాయి, ఫోల్డర్‌లోని ఫైల్ మాత్రం ఉంటుంది.