మిద్దె మీద షీటు వేయించారా? అతుకులు స్క్రూడ్రైవరుతో చూసుకోండి

మన నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మిద్దె కారకుండా పైన పరిచే టీపీఓ, పీవీసీ మెంబ్రేన్ (ప్లాస్టిక్ రకం) షీటు వేయించేవాళ్లు సెప్టెంబరులోపే ముగించుకోండి.

ఈ షీటు ఒకే పొర, కింద కాపాడే ఇంకో పొర ఉండదు. కారితే ఎక్కువగా అతుకుల దగ్గరే. వేడి గాలి మిషన్‌తో రెండు అంచులు కరిగించి అతికిస్తారు కదా, అది పూర్తిగా చల్లారాక మొన మొద్దుగా ఉన్న స్క్రూడ్రైవరును అతుకు అంచు వెంబడి నెమ్మదిగా లాగుతూ రండి. బాగా అతికిన చోట మొన జారుకుంటూ పోతుంది. అతకని చోట టక్కున లోపలికి దూరుతుంది. అక్కడ చాక్‌పీసుతో గుర్తు పెట్టి, పనివాళ్లు ఉండగానే మళ్లీ వెల్డింగ్ చేయించండి. కావలిలో మా మిద్దె మీద ఇలా 4 చోట్ల దొరికాయి, అందులో 3 పిట్టగోడ మూలల్లోనే. పైకి ఒక్కటీ కనిపించలేదు, చూసి గుండె గుభేలుమంది.

వాన నీళ్లు దిగే గొట్టం చుట్టూ మాత్రం రెండుసార్లు చూడండి.

రబ్బరు రకం ఈపీడీఎంకి వెల్డింగ్ ఉండదు, సాధారణంగా టేపుతో అతికిస్తారు. దానికి స్క్రూడ్రైవరు వద్దు, అంచులు లేచాయేమో చేత్తో తడిమితే చాలు. చివరి బిల్లు ఇదంతా అయ్యాకే ఇవ్వండి.