దర్జీ టేపుతో విల్లు కొలత

అచ్చంపేటలో నాది టైలర్ కొట్టు. ఇరవై ఏళ్లు మిషన్ మీద వంగి వంగి భుజాలు ముందుకొచ్చేశాయి. ఆ వంపు కొంచెమైనా తగ్గుతుందని విల్లు పట్టాను. పట్టీ పట్టగానే తప్పు చేశాను. ఆన్‌లైన్‌లో 45 పౌండ్ల విల్లు, అంటే లాగడానికి అంత బలం పట్టేది, తెప్పించుకున్నాను. అమ్మినతను ఫోన్‌లో "మగవాళ్లకు ఇదే కరెక్ట్ సార్" అన్నాడు. బలమంతా పెట్టి గుంజితే వచ్చింది, రాకేం! తర్వాత మూడు వారాలు కుడిచెయ్యి భుజం పైకి లేవలేదు. ఆ మూడు వారాలూ కాజాలన్నీ మా ఇంటావిడే కుట్టింది, ఆ మాట ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

ఒళ్లు కొలవకుండా ఎవరికీ బట్ట కత్తిరించని నేను, నా ఒళ్లు కొలవకుండా విల్లు కొన్నాను. అందుకే ముందు కొలత సంగతే చెబుతాను.

గోడకు వీపు ఆనించి, చేతులు రెండు పక్కలకూ చాపండి. ఈ మధ్యవేలి కొన నుంచి ఆ మధ్యవేలి కొన దాకా ఇంకొకరిచేత టేపు పట్టించండి. టేపు కనబడగానే ఊపిరి బిగబట్టి ఛాతీ పొంగించేవాళ్లను రోజూ చూస్తుంటాను. అలా చేస్తే చొక్కా పాడవుతుంది, ఇక్కడ భుజం పాడవుతుంది. మామూలుగా నిలబడి మూడుసార్లు కొలవండి. వచ్చిన అంగుళాలను రెండున్నరతో భాగిస్తే మీరు అల్లెతాడు ఎంత దూరం లాగగలరో సుమారుగా తెలుస్తుంది. నాది 65 అంగుళాలు, అంటే లాగుడు 26.

విల్లు మీద రాసే పౌండ్లు మామూలుగా 28 అంగుళాలు లాగినప్పటి బరువు. అంగుళం తగ్గితే దాదాపు రెండు పౌండ్లు తగ్గుతుంది. 30 అని రాసిన విల్లు నా చేతిలో 26 పౌండ్లే అన్నమాట. కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్లకు 20 నుంచి 30 లోపు చాలు. లాగి పట్టుకుని పది అంకెలు లెక్కపెట్టేలోపు చెయ్యి వణికితే ఆ విల్లు మీది కాదు.

లెక్క ఎంతైనా లెక్కే కాబట్టి సుద్దతో కూడా చూసుకోండి. తేలికపాటి విల్లుకు పొడవాటి బాణం ఎక్కించి, గడ్డిమోపు వైపే పెట్టి లాగండి. మా కొట్టులో పిల్లాడు పక్కన నిలబడి, బాణం విల్లు ముందు అంచును దాటేచోట దర్జీ సుద్దతో గీత పెట్టాడు. పదిసార్లు లాగితే మొదట్లో నా గీతలు రెండంగుళాల మేర చెదిరాయి. అంటే ప్రతిసారీ చెయ్యి వేరేచోట ఆగుతోందన్నమాట. నెల తర్వాత గీతలన్నీ ఒక గోరు వెడల్పులోకి వచ్చాయి. బాణం పొడవు ఆ గీత కంటే ఒకటి రెండు అంగుళాలు ఎక్కువే ఉండాలి. పొట్టిదైతే లాగినప్పుడు మొన జారి వేళ్ల మీదికి వస్తుంది.

మన్ననూరు అవతలి పెంట (చెంచుల గూడెం) నుంచి ఒక చెంచు పెద్దాయన ఏడాదికి ఒకసారి చొక్కా కుట్టించుకోవడానికి వస్తాడు. తాతా అని పిలుస్తాను. ఒకరోజు కొట్టు వెనక నేను పడుతున్న తిప్పలు చూసి నవ్వాడు. "గట్ల చేతితోని గుంజుతరా బిడ్డా?" అని వెనక్కొచ్చి, నా వీపు రెక్కల నడుమ బొటనవేలు పెట్టి నొక్కాడు. "ఈడికెల్లి గుంజు."

ఆ నొక్కిన చోటు దొరకడానికి నాకు నా పద్ధతి ఒకటుంది. కొంచెం బిగుతు చొక్కా వేసుకుని లాగండి. వీపు మీద భుజాల కింద అడ్డంగా పోయే కుట్టు ఉంటుంది కదా, ముడతలు దాని నడిమధ్యకు రావాలి. మెడ పక్కన ముడత పడితే భుజం చెవి వైపు ఎక్కిందని లెక్క. జబ్బ దగ్గర గుడ్డ బిగిస్తే ఇంకా చెయ్యే లాగుతోంది. పూర్తిగా లాగాక కుడి మోచెయ్యి బాణానికి సరిగ్గా వెనక, లేదా రవ్వంత పైన ఉంటే చాలు.

ఎక్కడిదాకా లాగాలి? క్యాలెండర్లలో రాముడు ఆకర్ణాంతం లాగుతాడు. మనం మూడు వేళ్లతో లాగేవాళ్లం, చెవిదాకా పోతే బాణం కంటికి దూరమవుతుంది. చూపుడువేలు పెదవి మూలకు తాకితే చాలు. ప్రతిసారీ అక్కడికే రావాలి. తల అల్లెతాడు దగ్గరికి వంచకండి, తాడే ముఖం దగ్గరికి వస్తుంది.

వేళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. మూడు వేళ్లతో లాగేటప్పుడు బొటనవేలికి పనే లేదు, మరి ద్రోణుడు ఏకలవ్యుణ్ని అదే ఎందుకు అడిగాడని చిన్నప్పటి నుంచి నాకు అనుమానం. బొటనవేలితోనే తాడును కొక్కెంలా పట్టి లాగే పద్ధతి ఉందని తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఏకలవ్యుడు మిగిలిన వేళ్లతో లాగాడనీ, మునుపటి వేగం మాత్రం లేకపోయిందనీ ఆదిపర్వంలోనే ఉంది. మీరు కూడా బొటనవేలితో లాగితే బాణం విల్లుకు కుడిపక్కన పెట్టాలి. మూడు వేళ్లవాళ్లకు ఎడమపక్క. ఎడమచేతివాటం వాళ్లు తిరగేసుకోండి.

విల్లు పట్టిన చేతిని పిడికిలి బిగించొద్దు. బరువంతా బొటనవేలి మొదట ఉండే కండ మీద పడాలి. మోచెయ్యి విషయం మాత్రం ముఖ్యం. తలుపు చట్రానికి అరచెయ్యి ఆనించి, చెయ్యి కదలకుండా మోచేతి మడత నిలువుగా వచ్చేలా తిప్పి చూడండి. ఆ తిప్పుడు రాక మునుపు తాడు కొట్టి నా ముంజేయి లోపలివైపు వంకాయ రంగుకు తిరిగింది. తోలు పట్టీ కట్టుకోండి.

వదలడమంటే వేళ్లు టక్కున తెరవడం కాదు. పట్టు సడలిస్తే తాడే పోతుంది, చెయ్యి దవడ మీదుగా చెవి కిందికి వెళ్లి ఆగుతుంది. చెయ్యి గాల్లో పక్కకు ఎగిరితే బాణం కూడా పక్కకే పోతుంది.

మొదటి రెండు వారాలు గురి జోలికి పోవద్దు. గోనెసంచుల్లో పాత గుడ్డలు కుక్కి, వరిగడ్డి మోపుకు ముందు పెట్టి, ఐదడుగుల దూరం నుంచి వేయండి. నిలబడ్డాక కళ్లు మూసుకుని వదిలినా పరవాలేదు, వీపు ఏం చేస్తుందో అప్పుడే తెలుస్తుంది. నేను పల్లి పీకేసిన చేనులో ఎత్తు గట్టు ముందు వేస్తాను. గట్టు అవతల మనుషులు, గొడ్లు లేరని ప్రతిసారీ చూస్తాను. అమ్రాబాద్ వైపు అడవిలోకి విల్లు పట్టుకుని పోకండి, అది పులుల అభయారణ్యం.

బాణం లేకుండా తాడు లాగి వదలొద్దు, విల్లు పగులుతుంది. తాడు ఎక్కించాక పిడికిలి బిగించి బొటనవేలు నిలబెట్టి విల్లు పిడి మీద పెడితే, వేలి కొన దాదాపు తాడుకు తగలాలి. తాడుకు అప్పుడప్పుడు తేనెమైనం పట్టించండి. నాకు తాత తెచ్చి ఇస్తాడు, మారుగా కుట్టుకూలి తీసుకోను.

ఇప్పటికీ నాది 30 పౌండ్ల విల్లే. ఆ 45 పౌండ్లది తాడు తీసేసి కొట్టులో గోడకు అడ్డంగా కొట్టాను. ఇస్త్రీ చేసిన ప్యాంట్లు వేలాడదీయడానికి బాగుంది.