పాత పాట తర్వాత కొత్త పాట చెవులు చిల్లులు పడేలా మోగుతుంటే

పాత పాట వినబడక సౌండ్ పెంచుతాం, వెంటనే వచ్చే కొత్త పాట అదిరిపడేలా చేస్తుంది. కంప్యూటర్‌లో దాచుకున్న పాటలకైతే ఫూబార్2000 ప్లేయర్ చాలు. పాటలన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ చేసి, రీప్లేగెయిన్‌లో (పాటల సౌండ్‌ను ఒకే స్థాయికి తెచ్చే సదుపాయం) ఒక్కో పాటను విడిగా స్కాన్ చేసే ఆప్షన్ నొక్కండి. అయ్యాక ట్యాగ్‌లు (పాట ఫైల్‌లోనే ఉండే వివరాలు) సేవ్ చేయండి. ప్లేబ్యాక్ సెట్టింగ్స్‌లో సోర్స్ మోడ్‌ను ట్రాక్‌గా, ప్రాసెసింగ్‌ను క్లిప్పింగ్ (సౌండ్ హద్దు దాటి పగిలినట్టు రావడం) కూడా ఆపేలా పెట్టండి. అసలు ఆడియో మారదు, ట్యాగ్‌లో అంకెలు చేరతాయంతే. మొదట్లో అన్నీ మెల్లగా అనిపిస్తాయి, స్పీకర్ దగ్గర కాస్త పెంచుకోండి.

ఆల్బమ్ వరుసగా వినేవాళ్లు మాత్రం ఆల్బమ్‌గానే స్కాన్ చేసి ఆల్బమ్ మోడ్ పెట్టాలి, లేదంటే జోలపాట కూడా హోరుపాటంత గట్టిగా వస్తుంది. ఇక మాస్టరింగ్‌లోనే, అంటే విడుదలకు ముందు తుది మెరుగులు దిద్దేటప్పుడే, నలిగిపోయిన పాటకు సౌండ్‌లోని ఎత్తుపల్లాలు దీంతో తిరిగి రావు.