ఇంట్లోనే సోడా ఎలా చేసుకోవాలి? ఏ పరికరం కొనాలి?

ఏప్రిల్ సగం దాటిందంటే మా నల్లగొండ వైపు మధ్యాహ్నం బయట అడుగు పెట్టలేం. ఇంటికి ఎవరొచ్చినా ముందు చల్లగా ఏదైనా చేతికివ్వాలి. దానికోసం రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా కొనుక్కురావడం నేను నాలుగేళ్ల కిందటే మానేశాను. కంపెనీ కోలాలో 100 మిల్లీలీటర్లకు పది గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, అంటే ఒక గ్లాసులో ఐదు చెంచాలు. ఇంట్లో చేసుకుంటే రెండు చెంచాలతో సరిపెట్టవచ్చు, అసలు వేయకుండానూ తాగవచ్చు. పైగా ఇది బత్తాయి తోటల జిల్లా. నిమ్మకాయలకు నకిరేకల్ ఉండనే ఉంది. మనకు తక్కువైంది సోడా ఒక్కటే.

ముందు నీళ్ల సంగతి

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత నష్టం చేసిందో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. గ్యాసు ఎక్కించినంత మాత్రాన నీళ్లలోని ఫ్లోరైడ్ పోదు. మరిగించినా పోదు. నీరు ఆవిరై, మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి సోడాకు మిషన్ భగీరథ నల్లా నీళ్లో, ఆర్వో నీళ్లో వాడండి. బోరు నీళ్లు వద్దు. పిల్లలు వేసవి అంతా తాగేది కాబట్టి ఈ విషయంలో రాజీ పడకండి.

ఆర్వో నీళ్లతో చేసిన సోడా కొంచెం చప్పగా ఉంటుంది. లీటరుకు ఒక చిటికెడు ఉప్పు, ఒక చిటికెడు తినే సోడా ముందే కలిపితే దుకాణం సోడా రుచి వస్తుంది. బీపీ ఉన్నవాళ్లకు చేసేటప్పుడు ఆ రెండూ మానేయండి.

చల్లదనమే సగం పని

నేను మొదటి వేసవిలో ఒక సిలిండర్ గ్యాసు మొత్తం వృథా చేసుకున్నాను. రంజన్‌లోని (మట్టి కుండలోని) నీళ్లు చల్లగానే ఉన్నాయి కదా అని వాటితోనే చేశాను. బుస్సుమని నురగ వచ్చేది, గ్లాసులో పోసిన నిమిషానికే మామూలు నీళ్లయ్యేవి. మిషన్ చెడిపోయిందనుకుని టెన్షన్ పడ్డాను. తప్పు మిషన్‌ది కాదు, నీళ్లది.

కార్బన్ డై ఆక్సైడ్ వెచ్చటి నీళ్లలో నిలవదు. ఒకే ఒత్తిడి పెట్టినా, 30 డిగ్రీల నీళ్లకంటే 4 డిగ్రీల నీళ్లు రెండింతలకు పైగా గ్యాసును పట్టుకుంటాయి. రంజన్ నీళ్లు మన గొంతుకు చల్లన, గ్యాసుకు కాదు. ముందురోజు రాత్రే సీసాలు నింపి ఫ్రిజ్‌లో పెట్టండి. అంత సమయం లేకపోతే ఫ్రీజర్‌లో ఉంచి, అంచున సన్నటి మంచుపొర కనబడగానే తీయండి.

రెండోది ఒత్తిడి, మూడోది కుదుపు. బస్టాండు దగ్గర గోలీసోడా బండి మీద సీసాలను చట్రంలో బిగించి, చక్రం పట్టుకుని గిరగిరా తిప్పడం మీరూ చూసే ఉంటారు. ఆ తిప్పడంలోనే గ్యాసు నీళ్లలో కలుస్తుంది. సీసా తలకిందులైనప్పుడు గోలీ మూతి దగ్గరికి జారుతుంది, లోపలి గ్యాసు దాన్ని రబ్బరు వాషర్‌కు అదిమి మూతలా నిలబెడుతుంది. 1872లో ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ పేటెంట్ తీసుకున్న ఏర్పాటు ఇది. మన బండి మీది సోడాబుడ్డి ఇప్పటికీ అదే పద్ధతిలో నడుస్తోంది. ఇంట్లో మనం చేసేదీ ఇదే: చల్లటి నీళ్లు, పైనుంచి ఒత్తిడి, గట్టిగా ఊపడం.

ఏది కొనాలి?

కొనబోయేముందు మిషన్ ధర అడగకండి. గ్యాసు అయిపోతే ఎక్కడ నింపుతారు, ఎంత తీసుకుంటారు అని అడగండి. మిషన్ ఒక్కసారే కొంటాం, గ్యాసు ఏటా కొంటాం. హైదరాబాద్ పోతే తప్ప నిండని సిలిండర్‌తో వచ్చే మిషన్ మహబూబ్‌నగర్‌లోనో దేవరకొండలోనో రెండు నెలల్లో అటక ఎక్కుతుంది.

నెలకు పది సీసాలు మించి తాగని ఇంటికి సోడా సైఫన్ చాలు. లీటరు పట్టే స్టీలు సీసా, పైన మీట. దాంట్లో 8 గ్రాముల చిన్న గ్యాసు గుళిక ఒకటి బిగిస్తే లీటరు సోడా వస్తుంది. కరెంటు అక్కర్లేదు, రీఫిల్ గొడవ లేదు, గుళికల డబ్బా ఇంటికే తెప్పించుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. కేకుల మీద క్రీమ్ కొట్టేందుకు వాడే గుళికలు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటాయి, కానీ వాటిలో ఉండేది నైట్రస్ ఆక్సైడ్. డబ్బా మీద కార్బన్ డై ఆక్సైడ్ అని చదివాకే కొనండి.

బల్ల మీద పెట్టుకుని మీట నొక్కే మిషన్ రెండో రకం. దాని సిలిండర్‌లో 400 గ్రాముల పైచిలుకు గ్యాసు ఉంటుంది. 60 లీటర్ల దాకా వస్తుందని అమ్మేవాళ్లు అంటారు. గాఢంగా తాగే అలవాటుంటే అంత రాదు. వాడటం తేలిక, చూడ్డానికి బాగుంటుంది. సిలిండర్ మార్పిడి దగ్గర్లో ఉంటేనే తీసుకోండి.

పెద్ద కుటుంబానికి, లేదా వేసవి పొడుగునా రోజూ చేసేవాళ్లకు నా ఓటు మూడో రకానికే. రెండు మూడు కిలోల కార్బన్ డై ఆక్సైడ్ సిలిండర్, దానికి ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్, ఒక గొట్టం, కూల్‌డ్రింక్ సీసాకు బిగించి, గొట్టం తగిలించుకునే గ్యాసు మూత. మొదట ఖర్చు ఎక్కువే. కానీ లెక్క చూడండి. గాఢమైన సోడా లీటరుకు పట్టేది సుమారు 8 గ్రాముల గ్యాసు. సగం వృథా పోయిందనుకున్నా కిలో గ్యాసుతో 60 లీటర్లు వస్తాయి. మీ దగ్గర కిలో ఎంతకు నింపుతారో కనుక్కుని, గుళిక ధరతో పోల్చుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

అయితే ఆహారానికి వాడే గ్యాసే నింపించుకోవాలి. వెల్డింగు కోసం నింపిన సిలిండర్ ఒకసారి ఎవరో తక్కువకు ఇస్తే తెచ్చాను. మొదటి గ్లాసులోనే నూనె వాసన కొట్టింది, మొత్తం పారబోశాను. సిలిండర్ మెడ మీద చెక్కిన చివరి పరీక్ష తేదీ చూడండి, ఐదేళ్లు దాటి ఉంటే వద్దని చెప్పండి. వంటగ్యాసు రెగ్యులేటర్ దీనికి ఎట్టి పరిస్థితుల్లోనూ పనికిరాదు. మామూలు వేడిలోనే ఈ సిలిండర్ లోపల 800 పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లు అనే కొలత) పైగా ఒత్తిడి ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవంగా ఉన్న గ్యాసు ద్రవంగా నిలవదు, ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. మన మే నెల ఎండలో కారు డిక్కీలోనో, రేకుల షెడ్డు కిందో పెట్టి మరిచిపోవద్దు. నీడలో, గాలి ఆడే చోట, నిలువుగా, గోడకు గొలుసుతో కట్టి ఉంచండి. పడుకోబెట్టి వాడితే ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది. ఈ గ్యాసు మండదు, కానీ గాలికంటే బరువు. మూసిన గదిలో లీకైతే కింద పేరుకుని ఊపిరాడకుండా చేస్తుంది. కిటికీ తెరిచి పని చేయండి.

పెద్ద సిలిండర్‌తో చేసే విధానం

1. కూల్‌డ్రింక్ వచ్చిన ప్లాస్టిక్ సీసానే తీసుకోండి. మంచినీళ్ల సీసా పల్చన, అది ఈ ఒత్తిడికి ఆగదు. గాజు సీసా అసలు వద్దు, పగిలితే ముక్కలు కళ్లలోకి వస్తాయి. సీసా మీద గీతలు, నొక్కులు ఉంటే పక్కన పడేయండి.

2. బాగా చల్లబడ్డ నీళ్లు ముప్పాతిక వంతు పోయండి. సీసాను చేత్తో నొక్కి, నీళ్లు అంచుదాకా వచ్చాక గ్యాసు మూత బిగించండి. లోపల గాలి మిగిలితే గ్యాసు సరిగ్గా కరగదు.

3. రెగ్యులేటర్‌ను 30 పీఎస్‌ఐ దగ్గర పెట్టి గొట్టం తగిలించండి. నొక్కిన సీసా ఒక్కసారిగా ఉబ్బి గట్టిపడుతుంది. 40 దాటించే పని పెట్టుకోకండి.

4. గొట్టం ఉండగానే సీసాను అర నిమిషం నుంచి నిమిషం దాకా గట్టిగా ఊపండి. గ్యాసు లోపలికి పోతున్న చప్పుడు వినబడుతుంది. అది ఆగిందంటే నీళ్లు పట్టుకోగలిగినంత పట్టుకున్నాయని అర్థం.

5. సిలిండర్ వాల్వు మూసి, గొట్టం తీసి, సీసాను ఫ్రిజ్‌లో కనీసం గంటసేపు ఉంచండి. ఊపిన వెంటనే మూత తీస్తే సగం గ్యాసు పొంగిపోతుంది. తీసేటప్పుడు కూడా కొంచెం కొంచెంగా వదులు చేయండి.

సైఫన్‌కైనా, బల్ల మిషన్‌కైనా నియమం ఒకటే: వట్టి నీళ్లకే గ్యాసు ఎక్కించాలి. రసం, చక్కెర కలిపిన నీళ్లు పెడితే నురగ వాల్వులోకి పోయి జిగటగా అతుక్కుంటుంది.

తినే సోడా, నిమ్మ ఉప్పు కలిపితే సోడా అయిపోతుందని చెప్పేవాళ్లున్నారు. గ్యాసు వచ్చే మాట నిజమే. కానీ ఒక లీటరుకు కావలసిన 8 గ్రాముల గ్యాసు రావాలంటే 15 గ్రాముల తినే సోడా వేయాలి. అన్ని ఉప్పులు నీళ్లలోనే మిగిలిపోతాయి, నోట పెట్టలేం. ఈస్ట్ వేసి పులియబెట్టే పద్ధతిని మన ఎండల్లో నేను సలహా ఇవ్వను. ఒక్క పూట ఎక్కువ ఉంచితే సీసా పగులుతుంది.

ఇక కలుపుకోవడం

నిమ్మకాయ సోడాకు ఉప్పు, చక్కెర నేరుగా సోడాలో వేయకండి. ఆ పలుకుల మీద బుడగలు పుట్టి గ్యాసంతా పొంగిపోతుంది. గ్లాసు చక్కెర, గ్లాసు నీళ్లు, నలగ్గొట్టిన అల్లం ముక్క వేసి చక్కెర కరిగేదాకా మరిగించి, వడగట్టి, చల్లార్చి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. గ్లాసులో ఈ పాకం రెండు మూడు చెంచాలు, ఒక నిమ్మకాయ రసం, నల్ల ఉప్పు చిటికెడు వేసి ముందే కలిపి, చివరగా సోడాను గ్లాసు గోడ మీదుగా జారేలా పోయండి. చెంచాతో ఒక్కసారి కిందినుంచి పైకి లేపితే చాలు.

బత్తాయి సోడాకు సగం రసం, సగం సోడా. మంచి పండైతే చక్కెర అక్కర్లేదు. బత్తాయి రసం నిలవ ఉంటే చేదెక్కుతుంది, గింజలు నలిగినా, తెల్లటి తొక్క పిండినా ఆ చేదు ఇంకా తొందరగా వస్తుంది. అందుకే రసం పొద్దున్నే పిండి పెట్టుకోవద్దు. సోడా ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంచుకుని, చుట్టాలు వచ్చి కూర్చున్నాకే పండ్లు కోయండి.